బెల్లం కట్టిన విమానం

యాభై దాటిన మగవాడు నూకాంబిక గుడికి వెళితే భక్తి అంటారు. బెల్లం మార్కెట్లో కూర్చుని ధరలు మాట్లాడితే లోకజ్ఞానం అంటారు. థర్మాకోల్ విమానం చంకలో ఇరికించుకుని, మెడలో రిమోట్ వేలాడేసుకుని శారదా నది ఒడ్డు పొలాల్లోకి నడిస్తే ఏమంటారో అనకాపల్లి ఇంకా తేల్చుకోలేదు. మా ఆవిడ తేల్చుకుంది గానీ అది అచ్చెయ్యడానికి వీల్లేదు.

విమానం కొన్నది మా అబ్బాయి పేరు మీద. ఇంజనీరింగు కుర్రాడికి పనికొస్తుందని చెప్పాను. వాడు చదివేది సివిల్. ఆ సంగతి నాకన్నా ముందు మా ఆవిడకి గుర్తొచ్చింది.

రిమోట్‌కి రెండు పుల్లలుంటాయి. ఎడమది మోటారు వేగానికీ, తోక తిప్పడానికీ. కుడిది ముక్కు ఎత్తడానికీ దించడానికీ, రెక్కలు వాల్చడానికీ. నాలుగు పనులు, రెండు బొటనవేళ్ళు. ఇంతవరకు ఎవడికైనా అర్థమవుతుంది. విమానం వెనక్కి తిరిగి మనవైపు రావడం మొదలెట్టాక ఉంటుంది తంటా. మన కుడి దానికి ఎడమైపోతుంది. ఏ రెక్క కిందకి జారుతుంటే పుల్లని ఆ వైపే నెట్టు, సర్దుకుంటుంది అని ఒక చిట్కా చెబుతారు. చిట్కా మంచిదే. అది గుర్తొచ్చేసరికి విమానం మట్టిలో ఉంటుంది. మా ఆవిడ ఎదురొస్తున్నప్పుడు ఎటు తప్పుకోవాలో కూడా నాకిప్పటికీ తెలీదు కాబట్టి నేరం విమానానిది అనలేను.

కొత్తవాడు రెండు పొరపాట్లకి సరిపడా ఎత్తులో ఎగరెయ్యాలని ఈ విద్యలో పాతవాళ్ళ మాట. నా పొరపాట్ల లెక్కకి మేఘాల్లోకి పోవాలి. ప్రభుత్వమేమో అనుమతి అడగక్కర్లేని గ్రీన్ జోన్‌లోనైనా 400 అడుగులు దాటొద్దంటుంది.

1937లో అమెరికాలోని మిషిగన్‌లో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే అన్నదమ్ములు ‘గఫ్’ అనే రేడియో విమానాన్ని ఎగరేశారు. ఈ సరదాకి మూలపురుషుల్లో వాళ్ళూ ఉన్నారు. ఆ విమానం ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. వాళ్ళు ఒకరికొకరు తోబుట్టువులు. నాకున్నది బావమరిది. విమానాన్ని గాలికెదురుగా, నేలకి సమంగా, మెత్తగా తోసి వదలాలి. మావాడు మామిడికాయకి రాయి విసిరినట్టు విసురుతాడు. ముక్కు నిట్టనిలువుగా లేస్తుంది, వేగం చచ్చిపోతుంది, రెక్కలు పట్టు వదిలేస్తాయి. ఇంక మిగిలింది కిందకి రావడమే. తిడదామంటే, వాడిని తిట్టిన తిట్టు ఆ రాత్రి నా చారులో తేలుతుంది.

పడేదైనా కోసేసిన మడిలో పడదు. పక్కన చెరుకుతోట ఉంటే అందులోనే పడుతుంది. మా ప్రాంతంలో పక్కన చెరుకుతోట లేని మడి వెతుక్కోవడం కష్టం. మనిషికి మించిన ఎత్తు, కత్తుల్లాంటి ఆకు. చేతులు గీరుకుపోయి, మొహం దద్దురెక్కి, గంటసేపు దేవులాడి బయటికొస్తే రైతు గట్టుమీద కూర్చుని ఉన్నాడు. “బావూ, ఇది మందుకొట్టే డ్రోనేటి? ఎకరాకెంత తీసుకుంటావు?” అన్నాడు. ఈ ముచ్చట ఇంట్లో చెప్పడం నా తెలివితక్కువ. డ్రోన్లతో పొలాలకి మందుకొట్టడానికి సంఘాల ఆడవాళ్ళ కోసం కేంద్రం 2023లో ‘నమో డ్రోన్ దీదీ’ అని పథకం పెట్టిందని, 15,000 సంఘాలకి డ్రోన్లు ఇస్తామందని మా ఆవిడ టీవీలో చూసింది. “వాళ్ళు ఎగరేసి డబ్బు తెస్తారు. మీరు డబ్బు ఎగరేసి విమానం వెతుక్కుంటారు” అంది.

మరమ్మతు నా సొంత శాఖ. క్షణంలో అంటుకునే జిగురు పూస్తే థర్మాకోల్ అంటుకోదు, కరిగిపోతుందని ఒక రెక్క పోయాక తెలిసింది. తరవాత రెక్కకి వెన్నుగా కొబ్బరి చీపురు పుల్లలు వాడాను. తేలిక, వంగుతాయి, విరగవు. ఇంట్లో చీపురు సన్నబడుతుంటే ఎలుకల్ని అనుమానించారు. రెక్క చిరిగి పుల్లలు బయటపడ్డ రోజున కేసు తేలింది.

అతుకు మీద అతుకు పడితే బరువు పెరుగుతుంది. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాముల లోపుంటే నానో, దాటితే రెండు కిలోల దాకా మైక్రో. నా విమానం నానోగా పుట్టింది. జిగురు తాగి తాగి, వంటింటి కాటా మీద మైక్రోగా తేలింది. వ్యాపారానికి కాకుండా ఎగరేసుకుంటే ఈ రెండింటికీ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదంది ప్రభుత్వం. మా ఆవిడ మాత్రం అడుగుతోంది.

ఆ బరువు కూడా ఉండాల్సిన చోట ఉండాలి. రెక్క వెడల్పులో, ముందంచు నుంచి పావుకీ మూడోవంతుకీ మధ్య రెండువేళ్ళ మీద నిలబెడితే విమానం తూగాలి. తోక బరువైతే చెప్పిన మాట వినదు. నాది ముక్కు మీద పడ్డా, చెరుకులోంచి తోక పట్టుకుని లాగుతాను గనక విరిగేది తోక, జిగురెక్కేది తోక. ఇంక ముక్కులో బరువు పెట్టాలి. తెలిసినవాళ్ళు సీసం ముక్క పెడతారు. ఆదివారం పొద్దున్నే సీసం ఎక్కడ దొరుకుతుంది? దేశమంతా పేరున్న మార్కెట్ ఊళ్ళో పెట్టుకుని, బెల్లానికి మాత్రం కరువా? ఓ ముక్క కాగితంలో చుట్టి ముక్కులో కూరాను. తూకం దివ్యంగా కుదిరింది. మర్నాటికి మోటారు మొదలుకుని రెక్కల్నీ తోకనీ కదిపే సర్వోల దాకా చీమలే.

బ్యాటరీ కథ వేరు. లైపో బ్యాటరీ సెల్‌కి 4.2 వోల్టులు మించి ఎక్కించకూడదు. దెబ్బతింటే ఉబ్బుతుంది, అంటుకునే ప్రమాదమూ ఉంది. పింగాణీ పాత్రలో పెట్టి, పక్కనే కాపలా ఉండి ఛార్జింగ్ చెయ్యడం మంచిదని చదివాను. మా ఇంట్లో అంత మందం పింగాణీ ఆవకాయ జాడీ ఒక్కటే. అందులోని ఆవకాయని స్టీలు గిన్నెలోకి మార్చాను. దీని గురించి ఇంతకన్నా రాయను.

మొన్న తెల్లవారుజామున, సముద్రపు గాలి ఇంకా లేవకముందు, విమానం బావమరిది చేతిలోంచి తిన్నగా వెళ్ళింది. మడి చివర తిరిగింది. ఎదురుగా వచ్చింది, ఎడమ రెక్క వాలింది, నా బొటనవేలు దానంతటదే ఎడమకి పోయింది, రెక్క లేచింది. ఇంకో చుట్టు తిప్పి, ఎండిన వరిదుబ్బుల మీద బోర్లా పడకుండా దింపాను. గుండె దడదడలాడుతుంటే వెనక్కి తిరిగి, “చూశావురా?” అన్నాను.

“చూళ్ళేదు బావా, ఫోన్లో ఉన్నాను.”

“ఇంత పొద్దున్నే ఎవర్రా?”

“అప్ప. విమానం పడిపోయిందా, టిఫిన్ పెట్టమంటారా అని అడుగుతోంది.”

“నువ్వేమన్నావు?”

“ఇంకా పడలేదు, కొంచెం ఆగమన్నాను.”