ఇస్త్రీ చొక్కా, ట్యూమర్ బోర్డు

మా వాళ్ళలో ఎవరికి జబ్బు చేసినా ఫైలు నా చంకలోకే వస్తుంది. బ్యాంకులో చేసి రిటైరైనవాణ్ణి, ఇంగ్లీషు కాగితం చదవగలను, డాక్టర్లతో ‘మాట్లాడగలను’. తెనాలి మామయ్యకి మెదడులో గడ్డ అని తేలినప్పుడూ అంతే. ఆ మాట్లాడగలనన్న ధీమాయే కొంప ముంచింది.

మామయ్య రైసుమిల్లులో గుమస్తాగిరీ చేసి మానేసిన మనిషి, డెబ్భై దాటాయి. ఒకరోజు అత్తయ్యని తాళంచెవి తెమ్మన్నాడట. తెచ్చిస్తే విసిరికొట్టి మళ్ళీ తాళంచెవే అడిగాడు. ఆయనకి కావలసింది మంచినీళ్ళు. గడ్డ ఎడమవైపున, మాట పుట్టే చోట ఉంది. ఆపరేషన్‌లో తీయగలిగినంత తీశారు. బయాప్సీలో గ్లియోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్ అని వచ్చింది. “కేసు ట్యూమర్ బోర్డులో పెడతాం, ఆన్‌లైన్‌లో జరుగుతుంది, వేరే ఊళ్ళ స్పెషలిస్టులు కూడా ఉంటారు” అన్నారు ఆస్పత్రిలో.

బోర్డు అనగానే ఇంటర్వ్యూ బోర్డే మెదిలింది నాకు. పేజీల కొద్దీ నోట్ రాసుకున్నాను. బోర్డు జరిగే గురువారం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, వెనకాల గోడమీది క్యాలెండర్ తీయించి, లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. కింద మాత్రం లుంగీయే, కనపడదు కదా. ఎంతసేపటికీ లింకు రాలేదు. ఫోన్ చేస్తే జూనియర్ డాక్టరమ్మ, “అందులో డాక్టర్లే ఉంటారు సర్, ఏమనుకున్నారో మా మేడం మీకు చెప్తారు” అంది. ఓటింగ్ ఎలా ఉండొచ్చని అడిగాను. ఆ అమ్మాయి దగ్గినట్టు నవ్వుకుంది.

ఓటింగూ లేదు, వాదనా లేదు. సర్జను, రేడియేషన్ డాక్టరు, మందుల క్యాన్సర్ డాక్టరు, స్కాన్లు చదివేవారు, ముక్కని మైక్రోస్కోపు కింద చూసేవారు ఒకేసారి ఒకే కేసు చూసి మాట్లాడుకుంటారు. ముంబయి టాటా మెమోరియల్ కేంద్రంగా 2012లో మొదలైన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ ఆధ్వర్యంలోనూ ఇలాంటి ఆన్‌లైన్ బోర్డులు నడుస్తాయి. చిన్న ఊరి రోగి రైలెక్కకుండానే అతని స్కాను పెద్ద ఊరికి వెళ్ళొస్తుంది. ఒక్కో కేసుకి దొరికేది కొద్ది నిమిషాలే. అంచేత ముందే అన్నీ సిద్ధంగా ఉండాలి. ఆ గురువారానికి ముందు ఆ సిద్ధం చేసే పని నేను తీసుకున్నాను, అక్కడ మొదలైంది తంతు.

ఎంఆర్ఐ పంపమంటే ఫిల్ములు ట్యూబులైటుకి అడ్డంపెట్టి ఫోన్లో ఫొటోలు తీసి వాట్సాప్ చేశాను. మామయ్య మెదడు మీద మా సీలింగ్ ఫ్యాను, నా బట్టతల కూడా పడ్డాయి. “సీడీ ఉంటుంది సర్, డైకామ్ ఫైళ్ళు, అది కావాలి” అని జవాబు. సీడీ కవరు మీద నేను పాల లెక్క రాసి ఉంచాను. తర్వాత మైనపు బ్లాకు అడిగారు. తీసిన ముక్కని మైనంలో పొదిగి అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ చట్రంలో దాస్తారు. ఐడీహెచ్, ఎంజీఎంటీ పరీక్షలు దానిమీదే. మొదటిది గడ్డ జాతి తేలుస్తుంది, రెండోది టెమోజోలమైడ్ మాత్రలు ఎంతవరకు పనిచేస్తాయో సూచిస్తుంది. ఎండలకి కరిగిపోతుందని ఆ బ్లాకుని ఫ్రిజ్‌లో, మజ్జిగ పక్కన పెట్టాను. అరవై డిగ్రీల దరిదాపుల్లో గానీ కరగని మైనమది!

ఇవన్నీ నవ్వుకుని వదిలేసేవి. అసలుది వేరే ఉంది.

నేను ఇంటర్నెట్‌లో 2005 నాటి పెద్ద ప్రయోగం గురించి చదివాను. ఆరు వారాల రేడియేషన్, 30 సిట్టింగులు, మొత్తం డోసు 60 గ్రేలు, దాంతోపాటు మాత్రలు. వయసు మళ్ళినవాళ్ళకి మూడు వారాల్లో 15 సిట్టింగులు, 40 గ్రేలతో సరిపెడతారనీ చదివాను. ఇదేమిటి, ముసలాయన కదా అని సగం వైద్యమా? మా మామయ్యకి నిండు వైద్యమే చేయించాలని పంతం పట్టాను. ఆ 2005 ప్రయోగంలోకి డెబ్భై దాటినవాళ్ళని తీసుకోనే లేదన్న వాక్యం నా కంట పడలేదు. పొట్టి కోర్సులో ఒక్కో సిట్టింగ్ డోసు రెండు కాదు, 2.67 గ్రేలు అన్నదీ పట్టలేదు.

బోర్డుకి ముందు డాక్టరమ్మ ఫోన్ చేసి అడిగింది. తనంతట తను తింటున్నారా? స్నానం? బాత్రూమ్‌కి? పగలు ఎంతసేపు మంచం మీద ఉంటున్నారు? మనిషి ఓపికని వందకి మార్కులేసే కార్నోఫ్‌స్కీ లెక్క కోసమట. ఈ మార్కులు తగ్గితే పొట్టి కోర్సే వేస్తారని నాకు తెలుసు. అన్నిటికీ “బ్రహ్మాండంగా” అన్నాను. యాభై రావలసిన మనిషికి ఎనభై తెచ్చిపెట్టాను. “ఒకసారి అత్తయ్యగారికి ఇస్తారా?” అంది. “ఆవిడకేం తెలుస్తుందమ్మా, నేను చెప్తున్నాగా” అన్నాను.

తెర మీద కూర్చున్న అంతమంది నిపుణుల్లో మామయ్యని ఈ మధ్య కళ్ళారా చూసినవాళ్ళు లేరు. ఆపరేషన్ చేసినాయన చూసింది నెల కిందట. స్కాను సీడీ అబద్ధమాడదు, బ్లాకూ ఆడదు. మనిషి ఎలా ఉన్నాడన్నది మాత్రం నా నోటి మీదుగా వెళ్ళింది. నా ఎనభై మార్కులకి తగ్గట్టే ఆరు వారాలు సిఫారసు చేశారు. గెలిచానని అత్తయ్యకి ఫోన్ చేసి మరీ చెప్పాను.

రేడియేషన్ డాక్టరు గదిలోకి మామయ్య చక్రాల కుర్చీలో, తల ఒక పక్కకి వాల్చి వెళ్ళాడు. ఆవిడ ఫైలు చూసింది, ఆయన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది. ఏమీ అనలేదు. “వచ్చే గురువారం మళ్ళీ పెడతాను” అంది. అలాంటి జబ్బులో ఒక వారం నా చేతుల మీదుగా పోయింది.

ఈసారి డాక్టరమ్మ నేరుగా అత్తయ్యకే చేసింది. స్పీకర్‌లో విన్నాను. అత్తయ్య మొదట అడిగింది నా నోట్‌లో లేని ప్రశ్న: “రోజూ వెళ్ళి రావాలా అమ్మా, అక్కడే ఉండిపోవాలా? కార్లో కూర్చుంటే ఆయన అరగంటకే వాలిపోతున్నారు.” నేనే తినిపిస్తున్నానంది. గోడ పట్టుకున్నా నిలబడలేకపోతున్నారంది. “తెల్లవారుజామున కుడిచెయ్యి కాసేపు టకటకా కొట్టుకుంటుందమ్మా, చలికేమో అని దుప్పటి కప్పుతున్నాను.”

అవతల టైపింగ్ చప్పుడు ఆగిపోయింది. “ఎన్నాళ్ళనుంచి అమ్మా?”

“ఆపరేషన్ అయి వచ్చిన దగ్గర్నుంచీ.”

చలి కాదు, ఫిట్స్. బోర్డు దాకా ఆగకుండా ఆ సాయంత్రమే లెవెటిరాసెటమ్ మొదలుపెట్టించారు. గురువారం 15 సిట్టింగులే ఖాయం చేశారు. అత్తయ్య మందుల చీటీ మడిచి బొడ్లో దోపుకుంటూ, “ఏరా, ఈ సంగతి వాళ్ళకి ముందే చెప్పాల్సిందా?” అని అడిగింది. నన్ను చెప్పనిచ్చావా అని అడగలేదు.