స్థౌల్యహర పట్టికకు మాడుగుల టీక

అవతారిక

ఏ గ్రంథానికైనా టీక మొదలుపెట్టే ముందు విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగూ తేల్చాలని పెద్దల నియమం. ప్రస్తుత గ్రంథం ఒకే ఒక్క పుట, దానికి ప్లాస్టిక్ కవచం. విశాఖపట్నంలో బరువు తగ్గించే ఒకానొక కేంద్రం నుంచి మా అబ్బాయి తెచ్చి, మా ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతంతో ప్రతిష్ఠించి వెళ్లాడు. కర్త పేరు లేదు గనుక అపౌరుషేయమనుకోవాలి. విషయం మా వారి నడుము. ప్రయోజనం అది తగ్గడం. సంబంధం తినడానికీ తగ్గడానికీ నడుమ ఉందని చెప్పే సాధ్యసాధన భావం. అధికారి దగ్గరే చిక్కు వచ్చింది. తినేవాడే అధికారి అని పట్టిక అభిప్రాయం. వండే మనిషి ఊసు గ్రంథంలో ఎక్కడా లేదు.

కోలాచల మల్లినాథసూరి ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ తన వ్యాఖ్యల మొదట్లో మాట ఇచ్చాడు. మొదటి మాట నేనూ ఇస్తాను. రెండోది ఇవ్వలేను. బడిలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని.

మూలం: ఉదయం లేవగానే గ్లాసు గోరువెచ్చని నీటిలో చెంచా తేనె, అరచెక్క నిమ్మరసం.

టీక: నిమ్మ, తేనె అందరికీ తెలిసినవే గనుక విడిచిపెడుతున్నాను. విచారించవలసింది గోరువెచ్చదనం. చరకసంహిత సూత్రస్థానం 21వ అధ్యాయంలో లోకం వేలెత్తి చూపే ఎనిమిది రకాల దేహాల లెక్క ఉంది: మరీ పొడుగు, మరీ పొట్టి, ఒళ్లంతా వెంట్రుకలు, బొత్తిగా లేకపోవడం, మరీ నలుపు, మరీ తెలుపు, మరీ లావు, మరీ సన్నం. లావుపాటి వాడికి పెట్టవలసినవీ అక్కడే చెప్పారు: యవలు, పెసలు, ఉలవలు, సామలు, మజ్జిగ, ఉసిరిక, తేనెనీళ్లు. ఇంతవరకు పట్టికకు చరకుడి అండ ఉంది. కానీ తేనెకూ వేడికీ పడదని కూడా ఆ చరకుడే గట్టిగా చెప్పాడు. ఈ విరోధానికి సమన్వయం ఇది: నీళ్లు కాచి, మా వారు పేపరు చదవడం అయ్యేదాకా ఉంచితే అవి చల్లారి శాస్త్రసమ్మతమవుతాయి. అలాంటప్పుడు కాచడం దేనికన్న ప్రశ్న పుడుతుంది. కాచేవాళ్లకే పుడుతుంది.

మూలం: అల్పాహారం: చిరుధాన్యాల ఇడ్లీలు రెండు, నూనె లేని పచ్చడి. బయటివి వద్దు. ఇంట్లోనే తాజాగా చేసుకోవాలి. సులభం.

టీక: ‘సులభం’ అన్నది విధివాక్యం కాదు, అర్థవాదం. అంటే శ్రోతను ఉత్సాహపరచడానికి చెప్పిన పొగడ్త. దాన్ని ఉన్నదున్నట్టు తీసుకోకూడదని మీమాంసకులు ఏనాడో తేల్చారు. ఉన్నదున్నట్టు చెప్పాలంటే సంగతి వేరు. అరికలు రాత్రంతా నానాలి. మినప్పప్పు వేరే గిన్నెలో నానాలి. దేనికది రుబ్బాలి. పాడేరు కొండల మీంచి చలి దిగే రోజుల్లో ఆ పిండి తెల్లారినా పొంగదు. దాన్ని దుప్పటి కప్పి పడుకోబెట్టాలి. నూనె లేకుండా పోపు పెడితే ఆవాలు ఇట్టే మాడతాయి. ఇంత చేశాక మనవలు ఆ ఇడ్లీ చూసి మొహం చిట్లిస్తారు గనుక మామూలు పిండి రెండో గిన్నెలో ఉండనే ఉండాలి. పట్టిక వచ్చాక మా ఇంట్లో తిండి తగ్గలేదు, గిన్నెలు పెరిగాయి.

ఇక్కడ మతభేదాలు చెప్పుకోవాలి. తెలుగు వంటింటికి ముగ్గురు ఆచార్యులు. మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పూ నూనే వద్దన్నారు. వీరమాచనేని రామకృష్ణ గారు అన్నమే వద్దు, కొబ్బరినూనె పుచ్చుకోమన్నారు. ఖాదర్ వలీ గారు వరీ గోధుమా మాని కొర్రలు, అండుకొర్రలు, సామలు, అరికలు, ఊదలు తినమన్నారు. ఎవరి భాష్యం వారిది, ఎవరి శిష్యులు వారికి. నేను ఏ మతాన్నీ ఖండించను. ఒక మతం నుంచి ఇంకో మతానికి మారినప్పుడల్లా నూనె డబ్బా అటక ఎక్కించేదీ దించేదీ ఎవరో మాత్రం మూడు మతాల్లోనూ ఒకటే.

పైగా ఈ చిరుధాన్యాలు మాకు కొత్తా? మా వైపు రాగుల్ని చోళ్లు అంటాం, సజ్జల్ని గంట్లు అంటాం. పొలం పోయేవాళ్లు పొద్దున్నే చోడంబలి తాగి, ఉల్లిపాయ కొరుక్కుని వెళ్లేవారు. అన్నం దొరికే ఇల్లు ఉన్న ఇల్లు. ఆ అంబలి మానిపించడానికి ఒక తరం పట్టింది. ఇప్పుడు ఆ పిండే రంగుల పొట్లంలో, మాల్ట్ అన్న బిరుదుతో, ఏలకుల వాసనతో మా ఊరి కొట్టుకే తిరిగొచ్చింది. ధర చూసి మా పక్కింటి వదిన, ‘అప్పుడు లేక తాగాం, ఇప్పుడుండీ కొనలేకపోతున్నాం’ అంది. ఇంతకన్న మంచి టీక నా వల్ల కాదు.

మూలం: మధ్యాహ్నం: ఒక కప్పు అన్నం, ఒక కప్పు పప్పు, రెండు కప్పుల కూర. రోజూ ఇంతే. మార్పు లేదు.

టీక: ఏ కప్పు? కాఫీదా, పాయసానిదా, క్రికెట్‌దా? నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని కొలతలకు ఒక వంశవృక్షం ఉన్న దేశంలో తండ్రి పేరు చెప్పని ఈ కప్పు ఎక్కడ దిగింది? అన్నం కప్పా, బియ్యం కప్పా అన్నదీ చెప్పలేదు. కప్పు బియ్యం ఉడికితే మూడు కప్పుల దాకా అవుతుంది. అధికారి పప్పుకు వండిన కొలతా, బియ్యానికి వండని కొలతా తీసుకున్నాడు. శబ్దం సందిగ్ధంగా ఉన్నప్పుడు తనకు లాభమైన అర్థం తీసుకునే హక్కు పాఠకుడికి ఉంటుంది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఇలాంటి సందు ఇవ్వదు. 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదు చేరిన సంస్థ అది. 2024లో వేసిన మార్గదర్శకాల్లో రోజుకు 2000 కిలోకాలరీల భోజనానికి ధాన్యం 250 గ్రాములు, పప్పులూ మాంసాహారమూ 85, కూరలు ఆకుకూరలు 400 అని పచ్చి సరుకు తూకమే చెప్పింది. వాగ్భటుడు అసలు కప్పు జోలికే పోలేదు. కడుపును నాలుగు పాళ్లు చేసి రెండు తిండికీ, ఒకటి నీటికీ ఇచ్చి, నాలుగోది గాలికి ఖాళీగా వదలమన్నాడు.

‘మార్పు లేదు’ అన్న చోట మాత్రం నేను ఆగకుండా ముందుకు పోలేను. కృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు శ్రీవిల్లిపుత్తూరులో వచ్చిన వైష్ణవులందరికీ అన్నం పెడతాడు. ఏ ఋతువుకు ఆ భోజనం. వానాకాలం కలమాన్నం, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు తాలింపు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, పైన ధారాళంగా నెయ్యి. తడి రోజుల్లో పచ్చికూర దొరకదు గనుక ఎండబెట్టి దాచిన వరుగులు. రాయలకు అటక మీద ఏముందో తెలుసు. ఎండాకాలం వచ్చిందా, అన్నం నులివెచ్చగా దిగిపోయింది. తియ్యని చారు, పలుచటి అంబలి, చెరుకురసం, లేత కొబ్బరినీళ్లు, పళ్లు, వాసన వేసిన చల్లటి నీళ్లు, నీరుమజ్జిగ, ఊరగాయలు. అంబలి, చూశారా! విజయనగర చక్రవర్తి కావ్యంలో, దేవుడి అతిథుల విస్తట్లో. శీతకాలానికి మళ్లీ కంచం వేడెక్కుతుంది: పునుగు వాసన వేసే కొత్తబియ్యపు అన్నం, మిరియప్పొడి చల్లిన కూరలు, ముక్కు అదిరేలా ఆవపెట్టిన పచ్చళ్లు, పాయసం, చెయ్యి చురుక్కుమనే నెయ్యి, కాగిన పాలు. ఆవఘాటు అంటే ఏమిటో మా వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. పనసపొట్టు కూరలో ఆవపిండి సరిగ్గా పడితే, మొదటి ముద్దకు మాట ఆగిపోవాలి. రెండో ముద్దకు కళ్లలో నీళ్లు తిరగాలి. మూడో ముద్దకు మళ్లీ వడ్డించమని చెయ్యి చాపాలి. ముద్దపప్పు పక్కన ఉంటే ఆ ఘాటు ఇంకోలా ఉంటుంది. వేదం వేంకటరాయశాస్త్రి గారు ఈ కావ్యానికి వ్యాఖ్య రాసి, ఎందరికో దారి చూపించారు. ఆ పద్యాలు క్లాసులో చెప్పినప్పుడు పిల్లలకు నోరూరేది. భోజనం బెల్లుకు ముందు పీరియడైతే మరీను.

ఏ పట్టిక గురించి చెప్తున్నాను? ఆఁ.

వానాకాలపు పద్యంలో కూరల కంటే ముందు ఒక సంగతి ఉంది. భార్య కళ్లలోకి పొగ పోకుండా, తడికట్టెలు కాకుండా కొబ్బరి డొప్పలు పెట్టి వంట చేయించాడు విష్ణుచిత్తుడు. 1509 నుంచి 1529 దాకా రాజ్యం చేసి, దండయాత్రలు నడిపి, తీరిక చేసుకుని కావ్యం రాసిన మనిషికి వానాకాలం పొయ్యి దగ్గర కూర్చున్న ఆడమనిషి కళ్లు మండుతాయని తెలిసింది. మా ఫ్రిజ్ మీది గ్రంథకర్తకు గ్యాసు పొయ్యి ఉందని మాత్రమే తెలుసు.

మూలం: తీపి, నెయ్యి నిషిద్ధం. తప్పనిసరైతే ఖర్జూరం ఒకటి.

టీక: వచ్చే అవకాశం ఉన్నదాన్నే నిషేధించాలి, రానిదాన్ని నిషేధించడం వ్యర్థమని శాస్త్రం. మాడుగులలో తీపికి ప్రసక్తి ఉందా అని అడిగేవాడు ఈ ఊరు పేరు విననివాడు. దంగేటి ధర్మారావు 1890లో మొదలుపెట్టారని చెప్పుకునే హల్వా ఇక్కడిది. ఇంటికి చుట్టం వస్తే పొట్లం, మనం చుట్టపుచూపుగా వెళ్తే పొట్లం. చోడవరం దాటి వెళ్తే పెళ్లివారు ముందు చేతులు చూస్తారు, తర్వాతే మొహం. చుట్టూ చెరుకుతోటలు, గోవాడలో చక్కెర కర్మాగారం, కాస్త కిందికి వెళ్తే అనకాపల్లి బెల్లం మార్కెట్టు. ఇంతటి భౌగోళిక ప్రమాణానికి ఎదురుగా ఒక ఖర్జూరం!

ఇంట్లో తాజాగా, మొదటి నుంచీ చేసుకోవాలని రెండో సూత్రంలో చెప్పింది ఈ పట్టికే. ఆ లక్షణానికి లక్ష్యం వెతికితే హల్వా కన్న మంచిది దొరకదు. గోధుమలు మూడు రోజులు నానాలి. రుబ్బి, పిండి, పాలు తీయాలి. ఆ పాలు ఒక రోజు నిలవుండాలి. అప్పుడు కట్టెల పొయ్యి మీద పాకంతో, నేతితో తిప్పడం మొదలవుతుంది. గోధుమపాలు ముందు పలుచగా కదులుతాయి, కాసేపటికి గరిటెను పట్టుకుని సాగుతాయి, ఆపైన నెయ్యి మింగుతాయి; తిప్పే చెయ్యి ఆగితే అడుగంటుతుంది. చివరికి మింగిన నెయ్యినే అంచుల వెంట వదలాలి. అప్పుడు దించి జీడిపప్పు, బాదం వేస్తారు. ఇందులో ప్యాకెట్టు లేదు, పొడి లేదు, దగ్గరదారి లేదు. గ్రాము నేతికి తొమ్మిది కిలోకాలరీలన్న మాట నిజమే. దాన్ని ఏ అలంకారమూ కప్పలేదు. మా వారికి బఠాణీ అంత ముక్క పెట్టి అలమర తాళం వేస్తున్నాను. అది సూత్రవిరుద్ధమైతే ఆర్షప్రయోగమనుకోండి.

మూలం: రాత్రి ఏడులోపు పలుచని సూప్.

టీక: చారు. ముందుకు పోదాం.

మూలం: ఇలా చేస్తే నెలకు నాలుగు కిలోలు తగ్గుట నిశ్చయం.

టీక: ఇది ఫలశ్రుతి. ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7700 కిలోకాలరీలు లోటు పడాలి. నాలుగు కిలోలకు రోజుకు వెయ్యి పైచిలుకు. అంటే మా వారు రోజూ సగం భోజనం మానాలి. లేదా ఆయన ఎప్పుడూ తలపెట్టని పని ఏదైనా చేయాలి. రుబ్బడం, పిండడం, గిన్నెలు తోమడం వంటివి పరిశీలించవచ్చునని నా సిద్ధాంతం. ఫలశ్రుతి నెరవేరితే కీర్తి పట్టికది. నెరవేరకపోతే, ‘అమ్మా, నువ్వు కరెక్ట్‌గా చెయ్యట్లేదేమో’ అని ఫోనులో మా అబ్బాయి.

పట్టికకు వారానికి ఏడు పుటల రెండో సంపుటం కూడా ఉందట, వచ్చేవారం పంపుతానన్నాడు. నన్నయ విడిచిపెట్టిన భారతాన్ని పూర్తిచేయడానికి తిక్కన, ఎర్రన వచ్చారు. ఆ రెండో సంపుటానికి టీక రాసే ఉత్సాహం ఎవరికైనా ఉంటే సంతోషం. ముందు వచ్చి గ్రైండరు కడగాలి.