బ్యాంకు ఎప్పుడూ ఫోన్ చేయదట!

"బ్యాంకువాళ్లు ఎప్పుడూ ఫోన్ చేసి వివరాలు అడగరు." ఏటీఎం గోడ మీద చదివీ, ఎస్సెమ్మెస్‌లో చదివీ, రిజర్వు బ్యాంకు ప్రకటనల్లో అమితాబ్ బచ్చన్ నోట వినీ వినీ ఈ మాట ఖాతాదారుకి కంఠతా వచ్చేసింది. మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చిన రిటైర్డ్ హెడ్మాస్టారికీ వచ్చు. సరిగ్గా కునుకు పట్టే వేళకి ఫోన్ మోగుతుంది. "సార్, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం. మీకు ప్రీ అప్రూవ్డ్ లోన్ ఉంది." ఇది దొంగ కాదు, అసలు సిసలు బ్యాంకే. వద్దంటే రేపు ఇంకో అమ్మాయి చేస్తుంది, ఎల్లుండి ఇంకో అబ్బాయి. పొరపాటున "ఊ" అన్నారో, "వెరిఫికేషన్ కోసం మీ పుట్టినతేదీ, కార్డు మీద చివరి నాలుగంకెలు చెప్పండి సార్" అంటారు.

పది నిమిషాలకి దొంగ చేసినా అడిగేది అదే. కాకపోతే వాడు కాస్త మర్యాదగా అడుగుతాడు.

దీనికి బ్యాంకుల దగ్గర జవాబు తయారుగా ఉంది. తాము అడగనిది సీవీవీ, పిన్, ఓటీపీ మాత్రమేనట, పుట్టినతేదీ కాదట. నిజమే. ఏళ్ల తరబడి ఫోన్లో అడిగిందల్లా అప్పజెప్పడం జనానికి అలవాటు చేసి, కార్డు వెనకనున్న ఆ మూడంకెల దగ్గరికి రాగానే మాత్రం హెడ్మాస్టారికి జ్ఞానోదయం కావాలి.

పోనీ, ఓటీపీ ఈ దేశంలో అంత రహస్యమా? గ్యాస్ బండ తెచ్చిన కుర్రాడు గుమ్మంలోంచే "కోడ్ చెప్పండమ్మా" అని కేకేస్తాడు. వంటింట్లోంచి ఇల్లాలు పక్కవాటాకి కూడా వినపడేలా చెబుతుంది. యాప్‌లో పిలిచిన ఆటో కదలాలంటే డ్రైవరుకి చెప్పాలి. కొరియర్ కవరు చేతికి రావాలంటే చెప్పాలి. పొద్దుటినుంచీ ముగ్గురు అపరిచితులకి చెప్పిన మనిషి నాలుగోవాడికి చెప్పగానే ఊరంతా ముక్కున వేలేసుకుంటుంది: "అయ్యో, అంత చదువుకుని!"

ఆన్‌లైన్‌లో కార్డు వాడితే రెండో తాళం కూడా ఉండాలని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు నుంచి నిబంధన పెట్టింది. మంచి పనే. తాళం గట్టిపడ్డాక దొంగ దాని జోలి మానేసి, తాళంచెవి పట్టుకున్న మనిషిని పలకరించడం మొదలుపెట్టాడు. ఆ పలకరింపులో సోదె చెప్పేవాళ్ల నేర్పు ఉంది. "మీ కార్డు నంబరు ఫలానా అంకెలతో మొదలవుతుంది కదా సార్?" అంటాడు. హెడ్మాస్టారు కార్డు తిప్పి చూసుకుంటే అక్షరాలా నిజం! ఇంతా చేసి అందులో మాయ లేదు. వీసా కార్డన్నది ఏదైనా 4తోనే మొదలవుతుంది. మొదటి కొన్ని అంకెలు కార్డు ఇచ్చిన బ్యాంకు గుర్తు, కనక ఒకే రకం కార్డున్న వేలమందికి అవే ఉంటాయి. "మీ ఇంటికి తలుపుంది, అవునా?" అని అడిగినట్టే. అవునన్నాక మిగతా అంకెలు వరసగా జారతాయి.

చదువుకోనివాళ్లే పడతారనేది ఇంకో ఊరడింపు. 2019లో పాటియాలా ఎంపీ, అప్పటి పంజాబ్ ముఖ్యమంత్రి భార్య ప్రణీత్ కౌర్‌కి బ్యాంకు మేనేజరునంటూ ఒకడు ఫోన్ చేసి, జీతం వేయాలని చెప్పి 23 లక్షలు ఊడ్చేశాడు. పోలీసులు తీగ లాగితే డొంక ఫోన్ మోసాలకి పేరుమోసిన జార్ఖండ్‌లోని జామ్‌తాడాలో కదిలింది. ఆ జిల్లాలోనే కర్మాటాడ్ ఉంది. సంఘసంస్కర్త ఈశ్వరచంద్ర విద్యాసాగర్ చివరి రోజుల్లో ఏళ్ల తరబడి అక్కడుండి, సంతాల్ పేదలకి ఉచితంగా హోమియో మందులిచ్చి, బడి నడిపాడు. కందుకూరి వీరేశలింగాన్ని దక్షిణదేశపు విద్యాసాగరుడని పొగిడింది ఆ పెద్దమనిషితో పోల్చే. అక్కడి రైల్వే స్టేషనుకి ఇప్పటికీ ఆయన పేరే. ఊళ్లవాళ్లు ఆయన నేర్పిన చదువు మరిచిపోలేదు, అంకెలు రాబట్టడంలో మాత్రం సొంతంగా పరిశోధన చేశారు.

దొంగని తామే ఏడిపించామని పెళ్లి భోజనాల్లో చెప్పుకునే వీరులు వేరే. "కార్డు నంబరు అడిగితే నాలుగు వందల ఇరవై అన్నాను" అని పప్పులో నెయ్యి వేయించుకుంటూ చెబుతారు. ఈ సరదాని బ్రిటన్‌లో ఓటూ అనే ఫోన్ కంపెనీ 2024 నవంబరులో పరిశ్రమ స్థాయికి తెచ్చింది. డైసీ అనే కృత్రిమ మేధ ముసలమ్మని తయారుచేసి దొంగల మీదికి వదిలింది. ఆవిడ తన పిల్లి గురించీ, ఊలు అల్లకం గురించీ చెబుతూ కొందరిని నలభై నిమిషాల దాకా లైన్లో కూర్చోబెట్టిందట. తెలుగు ఇళ్లలో దీనికి కృత్రిమ మేధ దండగ. ఏ బామ్మగారి చేతికైనా ఫోన్ ఇస్తే చాలు. "ఏ ఊరు నాయనా మీది? ఎవరబ్బాయివి? పెళ్లయిందా?" దగ్గర మొదలై, మోకాళ్ల నొప్పుల దాకా వచ్చేసరికి వాడే పెట్టేస్తాడు.

డబ్బు పోయాక అసలు కథ. మూడోవాళ్ల మోసమైతే మూడు పనిదినాల్లో చెప్పిన ఖాతాదారుకి నష్టం ఉండకూడదని, తప్పు ఖాతాదారుదని రుజువు చేసే భారం బ్యాంకుదేనని 2017 జులైలో రిజర్వు బ్యాంకు రాసిపెట్టింది. బ్యాంకుకి మాత్రం ఒక్క వాక్యమే గుర్తు: "ఓటీపీ మీరే ఇచ్చారు కదండీ." దుకాణం కస్టమర్ కేర్ పేరుతో వచ్చిన ఫోన్ నమ్మిన అస్సాం ఖాతాదారు ఒకాయన 94 వేల చిల్లర పోగొట్టుకుని, 24 గంటల్లోపే ఫిర్యాదు చేశాడు. స్టేట్ బ్యాంకు ఆయనకీ ఈ పాఠమే చెప్పింది. డబ్బు తిరిగివ్వమని గువాహటి హైకోర్టు అంటే, దేశంలోకెల్లా పెద్ద బ్యాంకు ఆ 94 వేల కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2025 జనవరిలో అక్కడా ఓడింది. పట్టుదల అంటే అదీ.

ఇక్కడ డబ్బు పోగొట్టుకున్న హెడ్మాస్టారు కోర్టుదాకా పోలేదు. సైబర్ మోసాల నంబరు 1930కి చెప్పి, కార్డు ఆపించడానికి వణికే వేళ్లతో బ్యాంకుకి ఫోన్ చేశారు. తెలుగు కోసం ఏదో ఒక అంకె నొక్కమంది. నొక్కారు. కొత్త పర్సనల్ లోన్ గురించి వినిపించింది. విన్నారు. ఆ తర్వాత తియ్యటి ఆడగొంతు పలికింది: "కొనసాగించడానికి దయచేసి మీ పదహారు అంకెల కార్డు నంబరు నొక్కండి."

ఆయన ఫోన్ పెట్టేశారు. బ్యాంకువాళ్లు ఫోన్లో వివరాలు అడగరని ఆయనకి బాగా గుర్తుంది మరి.