మన మనిషి రేటు

హిందూపురంలో ఉద్యోగం లేనివాడికీ, ఇంట్లో కూర్చుని సొంతంగా సంపాదించుకునేవాడికీ తేడా చెప్పడం కష్టం. ఇద్దరూ పగలు పదకొండింటికి లుంగీలో కనిపిస్తారు. నేను రెండో రకం. లోగోలు, మెనూ కార్డులు, ప్యాకెట్ల లేబుళ్లు, ఇన్‌స్టాగ్రామ్ పోస్టులు చేసిపెడతాను. చేయడం సులువే, చేయించుకునేవాణ్ని పట్టుకోవడమే గగనం. "సోషల్ మీడియా ఉంది కదా" అంటారు. అలా అనేవాళ్లలో దానిమీద ఒక్క రూపాయి సంపాదించినవాడు ఇంతవరకు నాకు తగల్లేదు.

లింక్డిన్‌తోనే మొదలుపెట్టాను. అక్కడ మొదట ఊరు రాయాలి. హిందూపురం అని రాస్తే బెంగళూరు కంపెనీలు "ఊరు చిన్నదే కదండీ, ఖర్చులు తక్కువ, రేటు చూసి వేయండి" అంటాయి. బెంగళూరు అని రాస్తే హిందూపురం వాళ్లు "అబ్బో, అంత పెద్దోళ్లు మనకెందుకప్పా" అంటారు. మధ్యలో ఉన్నది నూరు కిలోమీటర్లు. అందులో ఏ కిలోమీటరు రాయి దగ్గర నిలబడితే సరైన రేటు వస్తుందో ఇప్పటికీ తేలలేదు.

2020లో అక్కడ ఇంకో సౌకర్యం వచ్చింది. 'పనికి సిద్ధం' అని చెప్పడానికి ఫొటో చుట్టూ ఒక ఆకుపచ్చ వలయం. నేనూ తగిలించాను. క్లయింట్లెవరూ దాన్ని చూసినట్టు లేదు కానీ సాయంత్రానికి మా పెద్దత్త ఫోన్ చేసింది. "ఏమ్రా నాయనా, ఉద్యోగం పోయిందంటనే?" పెద్దత్తకు లింక్డిన్ లేదు. బెంగళూరులో కొడుకున్నాడు, వాడికి ఉంది. నాకు పోవడానికి అసలు ఉద్యోగమే లేదని చెబితే ఆమె ఇంకా కలవరపడింది. ఆ వారంలోనే, మాటల దాకా వచ్చిన ఒక సంబంధం చల్లగా వెనక్కి పోయింది. వలయం తీసేశాను. సంబంధం తిరిగి రాలేదు.

ఫేస్‌బుక్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ ఆదరణకు లోటు లేదు. ఏం పెట్టినా "సూపర్ బావా", "కేక అన్నా", నాలుగు దండాలు, రెండు నిప్పులు. వీళ్లంతా చుట్టాలూ, చుట్టాల స్నేహితులూ. ఎన్ని లైకులు కొట్టినా వీళ్లలో ఒక్కరూ పని ఇవ్వరు. ఇచ్చినా "నీకు డబ్బులిస్తే పరాయోళ్లయిపోతాం" అని బాధపడతారు. నేను వాళ్లను బాధపెట్టలేక చేసిపెడతాను.

పని ఇచ్చే జాతి వేరే ఉంది. వాళ్లు లైకు కొట్టరు, పలకరించరు, చూసిపోతారంతే. వాళ్లు దొరికేది వాట్సాప్ స్టేటస్‌లో. 2017లో వచ్చిన ఈ ఏర్పాటులో మనం పెట్టింది 24 గంటలుంటుంది, ఎవరెవరు చూశారో కింద పేర్లతో సహా కనిపిస్తుంది. పడుకునే ముందు ఆ జాబితా చదవడం నాకు నిత్యకృత్యం. పాలవాడు. హైస్కూల్లో లెక్కలు చెప్పిన సారు. ఎప్పుడో ఇన్వర్టర్ బ్యాటరీ అమ్మిన షాపాయన. ఆ పోయిన సంబంధం తాలూకు మేనమామ. (ఈయన ఇప్పటికీ రోజూ చూస్తాడు, ఎందుకో అడగలేదు.)

మార్కెట్లో చింతపండు వ్యాపారి ఒకాయన అలాగే నెలల తరబడి చూశాడు, కిక్కురుమనలేదు. ఒకరోజు పొద్దున్నే మెసేజ్: "ఆ నీలం బోర్డు చేసింది నువ్వేనా? మాకొక లేబుల్ చేసియ్యి. మన మనిషివే కదా." మా వైపు అన్ని బేరాలూ ఈ మాటతోనే మొదలవుతాయి. మన మనిషి అనిపించుకుంటే పని ఖాయం, రేటు గోవిందా.

గింజ తీసిన చింతపండు, అరకిలో ప్యాకెట్. లేబుల్ మీద వెంకటేశ్వరస్వామి ఉండాలి, వాళ్ల నాయన ఫొటో ఉండాలి, లేపాక్షి నంది ఉండాలి, మూడు ఫోన్ నంబర్లుండాలి, వీటన్నిటి తర్వాత చింతపండు కూడా కొంచెం కనపడాలి. ఇవికాక చట్టం అడిగేవి ఉన్నాయి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు 14 అంకెలు, నికర బరువు, ఎంఆర్‌పీ, ప్యాక్ చేసిన తేదీ, తయారీదారు చిరునామా. అంత పెద్ద ఏకశిల నందిని బొటనవేలి గోరంత చేసి ఎంఆర్‌పీ పక్కన పడుకోబెట్టాను. "నంది చిన్నగైపోయిందే" అన్నాడు. మీ నాయన ఫొటో తగ్గిద్దామా అన్నాను. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

సగం అడ్వాన్సు అడిగినప్పుడు మాత్రం రెండు నీలం టిక్కులు పడ్డాయి, తర్వాత నిశ్శబ్దం. నాకు కోపం రాలేదు. లేపాక్షి పక్కన పుట్టి అడ్వాన్సు గురించి తెలియకపోతే ఎలా? అచ్యుతరాయల కాలంలో కోశాధికారి విరూపణ్ణ, పైనుంచి అనుమతి రాకముందే ఖజానా డబ్బుతో గుడి కట్టేశాడని, రాజుకు కోపమొచ్చిందని తెలిసి తన కళ్లు తానే పీకి గోడకేసి కొట్టాడని కథ. ఆ ఎర్ర మరకలు ఇవేనని గైడ్లు ఇప్పటికీ చూపిస్తారు. కథ నిజమో కాదో గానీ కల్యాణ మంటపం మాత్రం నిజంగానే సగంలో ఆగి, పైకప్పు లేకుండా నిలబడి ఉంది. ఆర్డరు ఖాయం కాకుండా పని మొదలుపెడితే ఏమవుతుందో మా జిల్లాలో అంత ఖరీదుగా చెక్కించి పెట్టారు. కొత్త క్లయింట్లకు నేను ఆ మంటపం ఫొటో పంపుతుంటాను. అర్థమైనవాళ్లు ఫోన్‌పేలో కొడతారు. కానివాళ్లు "బాగుండాది, మీరు తీసిందేనా?" అంటారు.

పెనుకొండది ఇంకో తీరు. 1565లో తళ్లికోట యుద్ధం పోయాక రాజధాని అక్కడికొచ్చింది, 2019లో కియా కార్లు బయటికొచ్చాయి, ఈ రెండిటి మధ్యా చెప్పుకోదగ్గదేమీ రాలేదని ఆ ఊరివాళ్లే నవ్వుతారు. కార్లతో పాటు కొరియావాళ్లొచ్చారు, హైవే పొడుగునా కొరియన్ అక్షరాల బోర్డులొచ్చాయి. ఒక మెస్సాయన తన బావమరిది స్టేటస్‌లో నా పని చూసి మెనూ కార్డు చేయమన్నాడు. రాగిసంగటి, నాటుకోడి పులుసు, వాటి పక్కన కొరియన్‌లో కూడా ఉండాలన్నాడు. ఆ భాష చదవగలిగే మనిషి సరిచూస్తేనే అచ్చుకిస్తానన్నాను. తన దగ్గర రోజూ తినే ఒక కొరియన్‌నే పట్టుకొచ్చి కూర్చోబెట్టాడు. పని బ్రహ్మాండంగా వచ్చింది. "డబ్బుదేముందిలేప్పా, ఎప్పుడొచ్చినా తినిపో" అన్నాడు. హిందూపురం నుంచి అక్కడిదాకా బైకు పెట్రోలు లెక్కేస్తే దేశంలోకెల్లా ఖరీదైన సంగటి నేనే తింటున్నాను.

టెలిగ్రామ్‌లో వచ్చే పిలుపుల గురించి ఎక్కువ చెప్పను. వీడియోలకు లైకు కొడితే రోజుకింత, ముందుగా రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అంటారు. పని ఇచ్చేవాడే డబ్బు అడిగితే అది పని కాదు. కట్టినవాళ్లుంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

అసలు పరీక్ష ధర్మవరంలో. అక్కడి పట్టుచీరకు భౌగోళిక గుర్తింపుంది, దేశమంతా పేరుంది, దానికి తోడు ఫొటోగ్రాఫర్ని ఏడిపించే గుణం ఒకటుంది. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు. మడత ఇటు తిరిగితే నెమలి నీలం, అటు తిరిగితే వంగపండు రంగు. చేతిలో పట్టుకున్నవాళ్లకు అదే అందం. ఫోన్ కెమెరా మాత్రం రెంటిలో ఒకదాన్నే నమ్ముతుంది. ఒక దుకాణదారుడు ఇన్‌స్టాగ్రామ్‌లో నీలం చీర పెట్టాడు, హైదరాబాద్‌లో పెట్టె విప్పితే వంగపండు చీర. చీర వెనక్కొచ్చింది. ఆయన నాకు ఫోన్ చేశాడు: "రెండు రంగులూ ఒకే ఫొటోలో రావల్ల. నీ స్టేటస్ చూస్తానే ఉంటాలే, చేయగలవు."

పోయాను. ఫ్లాష్ కొడితే జరీ తెల్లగా వెలిగిపోయి అంచు కనపడదు. ఎండలో పెడితే రంగు పాలిపోతుంది. పొద్దున ఎండెక్కకముందు, ఉత్తరం వైపు వసారాలో, పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి కెమెరాకు తెలుపంటే ఏమిటో నేర్పి తీశాను. అయినా ఒక్క రంగే. చీరను దండెం మీద వేశాను, బల్ల మీద పరిచాను, చివరికి కుర్చీకి కట్టాను. లోపల మగ్గం మీదున్న పెద్దాయన ఇదంతా చూసి చూసి గుంతలోంచి లేచి వచ్చాడు. కొంగును రెండు వేళ్ల మధ్య పట్టుకుని, మడతను కొంచెం ఏటవాలుగా లాగి, బొటనవేలితో వెనకనుంచి ఎత్తాడు. ఎత్తినచోట నీలం, పల్లంలో వంగపండు. "ఇట్లా పట్టుకో. గిరాకీకి చూపేకి మేం ఎప్పుడూ ఇట్లే పడతాం" అన్నాడు. ఆ ఫొటోలో ఆయన వేళ్లు కూడా పడ్డాయి, తీసేయలేదు. ఆ వేళ్లున్న ఫొటోకే "ప్రైస్ ప్లీజ్" అని అందరికంటే ఎక్కువమంది అడిగారు.

దుకాణదారుడు సంతోషించాడు. ఒప్పుకున్నది మూడు వేలు. ఫోన్‌పేలో వచ్చింది 2,700.

"మూడొందలు టీడీఎస్ కట్ చేసినా. బెంగళూరు కంపెనీలు నీకు పదిశాతం కోస్తాయని నువ్వే స్టేటస్ పెట్టింటివి కదా."

ఒక కంపెనీ ఏడాదికి ఇచ్చేది 50 వేలు దాటితేనే ఆ కోత అని, కోసింది నా పాన్ నంబరు మీద సర్కారుకు జమ కావాలని వివరించాను. ఓపిగ్గా విన్నాడు. "సరేలేప్పా, లెక్క లెక్కే" అన్నాడు. ఆయన కోసిన మూడొందలు ఏ పాన్ మీదికీ ఎక్కలేదు.

"బాధపడొద్దు. చీరల వ్యాపారుల గ్రూపులో నీ నంబరు పెట్టినా. అందరూ మనోళ్లే. నువ్వెంత తీసుకున్నావో కూడా రాసినా, మళ్లీ ఒక్కొక్కరూ నిన్నడిగి ఇబ్బంది పెట్టకుండా."

ఆ రాత్రే తెలియని నంబరు నుంచి ఒక చీర ఫొటో వచ్చింది. దాని కింద 3,000 అని ఉంది, దాని కింద టీడీఎస్ పోగా 2,700 అని ఉంది.