ఒట్టి షుగర్ సేటు

ఆర్మూర్‌లో పసుపు వ్యాపారం నడిచే ఏ వీధిలో చూసినా ఒక ఒట్టి షుగర్ సేటు కనిపిస్తాడు. వయసు యాభై దాటింది, షుగర్ వచ్చి పదేళ్లయింది. సాంగ్లీ పసుపు రేటుతో పాటు తన పరగడుపు అంకె, తిన్నాక అంకె, మూడు నెలల సరాసరి కూడా ఆయనకు నోటికొచ్చు. చాయ్‌లో చక్కెర వద్దంటాడు, పక్కన రెండు మిర్చిబజ్జీలు మాత్రం పెట్టమంటాడు. దావత్‌లో లడ్డూను పక్కకు నెట్టేసి, అంకాపూర్ నాటుకోడి కూరలోకి ఇంత మామిడికాయ తొక్కు అడుగుతాడు. తొక్కు తీపి కాదు కదా! “బీపీ సంగతేంది సేటూ?” అని ఎవరైనా అడిగితే, “మనకు బీపీ గీపీ లేదు, ఒట్టి షుగరే” అని ఛాతీ విరుచుకుంటాడు.

ఆ ధీమా గాలిలోంచి పుట్టింది కాదు. మూడు నెలలకోసారి దవాఖానలో కొలిస్తే బీపీ అంకె బాగానే వస్తుంది. రాకేం? ఆ రోజు సేటు వేరే మనిషి. రెండు రోజుల ముందు నుంచే కల్లు బంద్, తొక్కు బంద్, సిగరెట్ బంద్. దుకాణం కొడుక్కు అప్పగించి, ఫోన్ ఆపేసి, ఏసీ గదిలో గంటసేపు కునుకు తీస్తాడు. అప్పుడొచ్చిన అంకె అబద్ధం కాదు, కాకపోతే ఆ గంటకే నిజం. రేటు పడినప్పుడు, బాకీలకాడ లొల్లి అయినప్పుడు, తెల్లారుజామున కళ్లు తెరిచినప్పుడు ఎంతుంటుందో చూసినవాళ్లు లేరు. దవాఖానలో 140/90 లోపే ఉండి, ఇంట్లో సరాసరి 135/85కు చేరితే డాక్టర్లు దాన్ని దాగిన బీపీగానే లెక్కగడతారు. పసుపు కొనేటప్పుడు ఇదే సేటు బస్తా మూతి చూసి బేరం కుదుర్చుకోడు. అడుగు నుంచి కొమ్ములు తీయించి, విరిచి, లోపలి రంగు చూస్తాడు. తన ఒంటి విషయంలో మాత్రం బస్తా మూతితోనే సరిపెట్టుకుంటాడు.

షుగర్ ఒంటరిగా కాపురం చేసే రోగం కాదు. అది రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది, గోడలను బిరుసెక్కిస్తుంది, కిడ్నీలు ఉప్పును సరిగా బయటకు పంపకుండా చేస్తుంది. మామూలుగా నిద్రలో బీపీ 10 నుంచి 20 శాతం తగ్గాలి. షుగర్ ఉన్న చాలామందిలో ఆ రాత్రి విశ్రాంతి కూడా దక్కదు. బ్రిటన్‌లో యూకేపీడీఎస్ అనే అధ్యయనంలో పరిశోధకులు టైప్-2 షుగర్, బీపీ రెండూ ఉన్న 1,148 మందిని ఏళ్ల తరబడి గమనించి 1998లో ఫలితం చెప్పారు. బీపీని గట్టిగా అదుపు చేసిన జట్టుకు సగటున 144/82, రెండో జట్టుకు 154/87. పై అంకెలో తేడా పది మాత్రమే. ఆ పదికే షుగర్ వల్ల వచ్చే చావులు 32 శాతం, పక్షవాతం 44 శాతం తగ్గాయి. “వాళ్లకు బీపీ ఉందని ముందే తెలుసు, నాకు లేదు కదా” అని సేటు వాదించవచ్చు. నరం మీద పడే బరువుకు దాన్ని ఎవరు, ఎక్కడ కొలిచారన్నదానితో పని లేదు. దాగిన బీపీ ఉన్నవాళ్లకు గుండెజబ్బు, పక్షవాతం ముప్పు మామూలు వాళ్లకంటే ఎక్కువని పరిశోధనలు తేల్చాయి.

సేటు దగ్గర ఇంకా వాదనలున్నాయి. తలనొప్పి లేదంటాడు. బీపీ తలనొప్పి కోసం ఆగదు, కొందరికి మొదటి గుర్తు పక్షవాతమే కావచ్చు. రోజూ పసుపు తింటానంటాడు. పసుపులో కర్కుమిన్ ఉండేదే నూటికి మూడు పాళ్ల చుట్టూ, అందులో రక్తంలోకి చేరేది మరీ కొంచెం. కూరలో పసుపే మందయితే ఆర్మూర్‌లో మందుల దుకాణాలు ఎప్పుడో మూతపడేవి. బీపీ మిషన్ కొంటే లేనిపోని రంది అంటాడు. ఈ వాదనలో కొంత న్యాయం ఉంది. గంటకోసారి కొలుచుకుంటే బీపీ లేనివాడికీ పెరుగుతుంది. అందుకే లెక్క ఒక్క వారమే: ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు. అరగంట ముందు నుంచి చాయ్, సిగరెట్ ఉండొద్దు. వీపు ఆనించి, కాళ్లు నేలమీద పెట్టి, అయిదు నిమిషాలు మాటల్లేకుండా కూర్చోవాలి. సేటుకు అన్నిటికంటే కష్టం ఈ చివరిదే.

మొదటి రోజు అంకెలు వదిలేసి, మిగతావాటి సరాసరి డాక్టరుకు చూపించాలి. ఏడాదికోసారి మూత్రంలో ఆల్బుమిన్, కంటి లోపలి నరాలు కూడా చూపించుకోవాలి. ఆ పరీక్షలన్నీ దాటొచ్చాక సేటు “ఒట్టి షుగరే” అంటే, ఆర్మూర్ బజారు మొత్తం ఆ మాటను నగదుకు కొనవచ్చు. అప్పటిదాకా అది ఉద్దెర మాటే.