పిలకలు వాయిదా

యూరియాకు కొరత లేదట. రావడమే కాస్త ఆలస్యమట. ప్రభుత్వ పెద్దలు సెలవిచ్చిన ఈ మాటతో నా మనసు కుదుటపడింది. ఓడ బయల్దేరింది, రేవుకు చేరుతుంది, గూడ్సు రైలు ఎక్కుతుంది, సొసైటీలో దిగుతుంది. ఇంకేం కావాలి? తప్పంతా వరిది. దానికి ఓపిక లేదు.

నాటేసి మూడు వారాలు తిరగకుండానే పిలకలు పెడతానంటుంది. ఎవరినడిగి? అందుకే సర్కారు వెంటనే ఒక జీవో తేవాలి. 2025 వానాకాలం వరి యావత్తూ తదుపరి ఉత్తర్వులు వెలువడేదాకా పిలకలు వేయరాదు. ఇప్పటికే వేసిన దుబ్బులు వాటిని వెనక్కి తీసుకుని, తీసుకున్నట్టు వ్యవసాయ విస్తరణాధికారి సంతకంతో ధ్రువపత్రం దాఖలు చేయాలి. పరీక్ష ఫీజుకు గడువు పెంచే ప్రభుత్వం చిరుపొట్టకు పెంచలేదా? ఆలస్య రుసుముతో అంకురం, తత్కాల్ కింద వెన్ను! స్వల్పకాలిక రకాలది మరీ దూకుడు, వాటికి షోకాజ్ నోటీసు. మొక్కజొన్న మోకాలెత్తుకు రాగానే ఎరువు అడుగుతుంది కదా, దాన్ని ఆ మోకాళ్ల మీదే కూర్చోబెట్టాలి. ఎరువులమ్మే ఈ-పోస్ మిషన్‌లో పైరుకు వేలిముద్ర పడదనే బెంగ అక్కర్లేదు, ఆకుముద్రతో సరిపెడదాం. సర్వర్ ఎలాగూ పనిచేయదు.

ఓడ నడిసముద్రంలో ఉండగా ఇక్కడ ఆకు పసుపెక్కితే అది ప్రభుత్వాన్ని అప్రతిష్ఠపాలు చేసే కుట్ర కిందికి వస్తుందేమో, న్యాయశాఖ చూడాలి. గట్టు మీద నిలబడి ఈ జీవోను పైరుకు చదివి వినిపించే బాధ్యత కలెక్టర్లది.

బస్తా 45 కిలోలు. ధర 266 రూపాయల 50 పైసలు. దానికోసం రైతులు చీకటితోనే వచ్చి సొసైటీ ముందు చెప్పులు వరసలో పెడుతున్నారు, పాసుపుస్తకం మీద రాయి పెడుతున్నారు. నత్రజని ఒక్కసారే గుమ్మరించొద్దు, మూడు దఫాలుగా వేయండి, నాటేటప్పుడు, పిలకలప్పుడు, అంకురం దశలో అని కరపత్రాలు పంచిందెవరు? నీళ్లు తీసి బురద పదునులో చల్లండి, 36 నుంచి 48 గంటలు ఆగి మళ్లీ నీళ్లు పెట్టండి అని గంటలతో సహా లెక్క చెప్పిందెవరు? మీరే. ఆ నోటితోనే ఇప్పుడు వారాలకు వారాలు ‘కాస్త ఆలస్యం’ అంటున్నదీ మీరే.

పిలకలప్పుడు లేని యూరియాను పొట్ట దాటాక లారీలకు లారీలు దించితే ఏమొస్తుంది? పడని పిలక పడదు. పైరు నల్లగా ఏపుకొస్తుంది, సుడిదోమ పడుతుంది, గాలి కొడితే నేలకు ఒరుగుతుంది. ఓడ వచ్చిన రోజున మీకు ఫొటోలుంటాయి, రైతుకు తాలు ఉంటుంది. దాన్ని ఆలస్యం అనకండి. ఆ ఎరువు ఈ పంటకు రాలేదు, అంతే. నమ్మకపోతే సొసైటీ దాకా వెళ్లి అడగండి. వరసలో చెప్పులే కనిపిస్తాయి. మనిషి పక్కనే వేపచెట్టు కింద ఉన్నాడు, రాత్రి నుంచీ.