బార్లో కొనేముందు కొన్ని తలకిందుల సలహాలు

టెలిస్కోప్ కొన్న కొన్నాళ్లకే చాలామందికి ఒకటే గుబులు మొదలవుతుంది: బార్లో లెన్స్ కొనాలా, వద్దా? రెండు రెట్ల బార్లో ఒకటి తీసుకుంటే ఉన్న ప్రతి ఐపీసూ రెండు ఐపీసుల పెట్టు అంటారు అమ్మేవాళ్లు. లెక్క ప్రకారం అది నిజమే. పీటర్ బార్లో అనే ఇంగ్లండు గణితవేత్త 1830లలో రూపొందించిన ఈ లెన్స్, కిరణాలు ఒకచోట కలిసేలోపే వాటిని కాస్త విప్పుతుంది. దాంతో టెలిస్కోప్ ఫోకల్ లెంత్ పెరిగినట్టవుతుంది. అయినా నేను చెప్పేవన్నీ ఎదురు సలహాలే. వినగానే అడ్డదిడ్డంగా అనిపిస్తాయి. పాటించి చూశాకే తోసిపుచ్చండి.

పెద్దగా చూడాలని మనసు లాగుతోందంటే, ఇంకొన్నాళ్లు చిన్నగానే చూడండి. 114 మి.మీ. అద్దం, 900 మి.మీ. ఫోకల్ లెంత్ ఉన్న న్యూటోనియన్ టెలిస్కోప్‌నే తీసుకుందాం. దానికి 25 మి.మీ. ఐపీసు పెడితే 36 రెట్లు, 10 మి.మీ.ది పెడితే 90 రెట్లు. గెలీలియో 1610లో గురుగ్రహం చుట్టూ నాలుగు చంద్రుల్ని కనిపెట్టింది సుమారు 20 రెట్లు చూపే గొట్టంతోనే. కృత్తికల్లో ముఖ్యమైన చుక్కలన్నీ ఒక్క చూపులో పట్టేది 25 మి.మీ. ఐపీసులోనే, బార్లో తగిలిస్తే అంచు చుక్కలు బయటికి పోతాయి.

ఇప్పుడు లెక్క చూడండి. 25 మి.మీ. ఐపీసుకి బార్లో కలిపితే వచ్చేది 72 రెట్లు. చేతిలో ఉన్న 10 మి.మీ. ఐపీసు ఇప్పటికే 90 ఇస్తోంది. అంటే బార్లో వల్ల కొత్తగా ఒరిగేదల్లా 10 మి.మీ.తో వచ్చే 180 రెట్లే. 114 మి.మీ. అద్దం ఆ మాత్రం తట్టుకుంటుంది. మీ డాబా మీది గాలి తట్టుకుంటుందా అన్నదే ప్రశ్న.

అందుకే నక్షత్రాలు మిలమిలా మెరిసే రాత్రి గ్రహాల జోలికి పోకండి. ఆ మెరుపు పైగాలి కుదురుగా లేదనడానికి గుర్తు. ఆకాశం కాస్త మసకగా ఉన్నా, చుక్కలు కదలక మెదలక ఉన్న రాత్రే గ్రహాలకు మంచిది. పూర్తిగా చీకటి పడేదాకా ఆగనూ వద్దు. సంధ్యవెలుగులో గురుగ్రహం మిరుమిట్లు తగ్గి, పట్టీలు మరింత తేటగా కనిపిస్తాయి. డాబా కన్నా మట్టి నేల మేలు. పగలంతా ఎండకు కాగిన స్లాబు రాత్రి చాలాసేపటిదాకా వేడి కక్కుతూనే ఉంటుంది. ఆ వేడిలోంచి 180 రెట్లతో చూస్తే గురుగ్రహం మరుగుతున్న నీళ్ల గిన్నెలో అడుగునున్న రూపాయి బిళ్లలా కనిపిస్తుంది.

దీన్ని మీరే పరీక్షించుకోవచ్చు. టెలిస్కోప్‌ని గంట ముందే బయట పెట్టండి. 10 మి.మీ. ఐపీసుతో ఒక మెరిసే నక్షత్రాన్ని సరిగ్గా మధ్యకు తెచ్చి, ఫోకస్ కొంచెం తప్పించండి. చుక్క చక్రంలా విచ్చుకుంటుంది, నడుమ గొట్టంలోని చిన్న అద్దం నీడ నల్లగా ఉంటుంది. చక్రం మీదుగా అలలు ఒకే వైపుకి పరుగెడుతుంటే అది పైగాలి. పొగలా మెల్లగా మెలికలు తిరుగుతుంటే గొట్టంలో వేడి ఇంకా పోలేదు, ఆగండి. నల్ల నీడ ఒక పక్కకు ఒరిగి ఉంటే అద్దాల అమరిక తప్పింది. దాన్ని సరిచేయడానికి పైసా ఖర్చుండదు, బార్లో చేసే మేలు కన్నా అదే ఎక్కువ మేలు చేస్తుంది.

అన్నీ సరిగ్గా ఉన్నాయా? అయితే బార్లో కోసం దాచిన డబ్బుతో ముందు ఎత్తు మార్చుకునే స్టూలు కొనండి. మామూలు ప్లోసెల్ ఐపీసులో 90 రెట్లకు గ్రహం ఈ అంచు నుంచి ఆ అంచుకు రెండు నిమిషాల్లో దాటిపోతుంది, 180కి ఒక్క నిమిషమే. నడుం వంచి నిలబడ్డవాడికి వెతుక్కోవడంతోనే సరిపోతుంది. కూర్చున్నవాడు గాలి నిలిచే ఆ ఒక్క క్షణం కోసం కాచుకోగలడు.

మరి బార్లో ఎవరికి? నా మట్టుకు నేను ముందుగా కొనమనేది కళ్లజోడు తీయలేనివాళ్లని. దగ్గరచూపు, దూరచూపు సమస్యలైతే జోడు పక్కన పెట్టి ఫోకస్‌తో సరిచేసుకోవచ్చు. ఆస్టిగ్మాటిజం ఎక్కువగా ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు. 10 మి.మీ. ప్లోసెల్‌కి కన్ను 7 మి.మీ. దగ్గరికి వెళ్లాలి, జోడుతో అది కుదరదు. 25 మి.మీ. ఐపీసుకి బార్లో కలిపితే కంటికి కావలసినంత ఎడం ఉంటుంది. ఇందాక దండగన్న 72 రెట్లే వీళ్లకు వరం.

టెలిస్కోప్ పెట్టెలో 3 రెట్ల ప్లాస్టిక్ బార్లో ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోకండి. 10 మి.మీ.తో అది 270 రెట్లు అవుతుంది, 114 మి.మీ. అద్దం హద్దు 230 లోపే. కొనేదేదో రెండు గాజులు కలిపిన అక్రోమాటిక్ కొనండి. కొనేముందు ఇంకొకటి అడగండి: కింది లెన్స్ భాగం మర తిప్పితే ఊడి వస్తుందా? వస్తే దాన్ని నేరుగా ఐపీసు అడుగున బిగించుకోవచ్చు, సుమారు ఒకటిన్నర రెట్లవుతుంది. 10 మి.మీ.తో 135 రెట్లు. 180కి ఒప్పుకోని గాలి చాలా రాత్రులు దీనికి ఒప్పుకుంటుంది.